మొటిమల ముఖానికి ఫేషియల్: మా పార్లర్‌లో తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళంలో నేను పార్లర్ పెట్టి 17 ఏళ్లు దాటింది. కుర్చీలో కూర్చోగానే వచ్చే ప్రశ్నలు దాదాపు అవే. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పేకన్నా ఒకచోట రాసిపెడితే మీకూ నాకూ సుఖం. నేను బ్యూటీషియన్‌ని, డాక్టర్ని కాను. ఎంతవరకు నా పని, ఎక్కడి నుంచి డాక్టరు పని అన్నది కూడా ఇందులోనే చెప్తాను.

మొటిమలున్నప్పుడు అసలు ఫేషియల్ చేయించుకోవచ్చా?

అవి ఏ రకం మొటిమలో చూసి చెప్పాలి. ముక్కు మీద నల్లగా, గడ్డం మీద తెల్లగా రవ్వల్లా ఉండేవి, అంటే బ్లాక్ హెడ్స్, వైట్ హెడ్స్ మాత్రమే ఉంటే నిక్షేపంలా చేయించుకోండి. అక్కడక్కడ నాలుగైదు ఎర్రటివి ఉంటే వాటి జోలికి పోకుండా మిగతా చోట చేస్తాను. ముఖమంతా చీము పొక్కులున్నా, చెంప లోపల గోలీల్లా గట్టిగా చేతికి తగిలేవున్నా చెయ్యను. టెక్కలి నుంచి బస్సెక్కి వచ్చిన అమ్మాయిని మజ్జిగ ఇచ్చి వెనక్కి పంపిన రోజులున్నాయి.

ఎందుకంటే, చర్మం కింద నూనె తయారయ్యే సంచి ఉంటుంది. ఆ నూనె పైకొచ్చే సన్నటి దారిలో చచ్చిపోయిన కణాలు అతుక్కుని బిరడాలా బిగుసుకుంటాయి. నూనె లోపలే నిలిచిపోతుంది, అందులో బ్యాక్టీరియా పెరుగుతుంది, చివరికి ఆ దారి గోడ చిట్లి వాపు వస్తుంది. అదే మీరు చూసే ఎర్రటి మొటిమ. అలాంటి ముఖాన్ని పావుగంట మసాజ్ పేరుతో నలిపితే బయటికి రావాల్సింది లోపలే చిట్లుతుంది.

ఫేషియల్ చేయిస్తే మొటిమలు పోతాయా?

పోవు. పోతాయని చెప్పే పార్లర్‌కి వెళ్లకండి.

ఈరోజు మీ బుగ్గ మీద కనిపిస్తున్న మొటిమ లోపల మొదలై ఎన్నో వారాలై ఉంటుంది. నేను చేసేది శుభ్రం చెయ్యడం. మూసుకుపోయిన రంధ్రాల్లో కొన్నింటిని ఖాళీ చేస్తాను, పైన పేరుకున్న చచ్చిన చర్మాన్ని మెల్లగా తీస్తాను. కొత్తవి పుట్టకుండా ఆపేది మీరు రోజూ ఇంట్లో రాసుకునే మందే. ఆ మందుకైనా 8 నుంచి 12 వారాలు ఓపిక పట్టాలి. పది రోజులు రాసి "ఏటీ తగ్గలేదక్కా" అని ట్యూబు పారేసేవాళ్లే మన ఊళ్లో ఎక్కువ.

మీ దగ్గర మామూలు ఫేషియల్‌కీ మొటిమల ఫేషియల్‌కీ తేడా ఏమిటి?

మొటిమల ఫేషియల్‌లో నేను చేసేవాటికన్నా మానేసేవే ఎక్కువ. గరుకు స్క్రబ్ ఉండదు. అక్రోటు పెంకు పొడి వేసిన స్క్రబ్‌లైతే మొటిమ మీద గరుకు కాగితం రుద్దినట్టే. క్రీమ్ మసాజ్ ఉండదు. బ్లీచ్ అసలే ఉండదు. అందులో ఉండే హైడ్రోజన్ పెరాక్సైడ్, అమ్మోనియా మామూలు చర్మాన్నే చురుక్కుమనిపిస్తాయి, మీ ముఖం తట్టుకోదు.

ముందు నురగ తక్కువ వచ్చే, వాసన లేని క్లెన్సర్‌తో కడుగుతాను. తర్వాత ఆవిరి. చాలాసేపు పట్టాలని చాలామంది అనుకుంటారు కానీ రెండు మూడు నిమిషాలు చాలు. చర్మం తొందరగా ఎర్రబడేవాళ్లకి ఆవిరి కూడా పెట్టను, గోరువెచ్చటి తడి గుడ్డ వేస్తాను. మా అత్తగారి పాత పొందూరు నూలు చీర ఒకటి చింపి ముక్కలుగా కుట్టించాను. టవల్‌కి ఉండే గరుకు దానికి ఉండదు. ఒక ముక్క ఒకరికే, తర్వాత మరిగే నీళ్లలోకి.

అప్పుడు పెద్ద అద్దం ఉన్న దీపం కిందికి దించి బ్లాక్ హెడ్స్ తీస్తాను. రెండు చూపుడు వేళ్లకీ టిష్యూ చుట్టి, రంధ్రానికి అటూ ఇటూ పెట్టి, ముందు కిందికి, ఆ తర్వాత ఒక వేలి వైపు ఇంకో వేలిని నెమ్మదిగా ఒత్తుతాను. సరిగ్గా మెత్తబడితే మైనపు దారంలా దానంతటదే లేస్తుంది, కొన మాత్రం నల్లగా ఉంటుంది. ఆ నలుపు దుమ్ము కాదు. చర్మపు రంగూ కొవ్వూ గాలి తగిలి అలా మారతాయి, అందుకే ఎంత సబ్బు పెట్టి తోమినా పోదు. రెండుసార్లు ఒత్తినా రాకపోతే వదిలేస్తాను. మూడోసారి ఒత్తితే వచ్చేది బ్లాక్ హెడ్ కాదు, రక్తం. మొత్తం పది నిమిషాలకి మించి ఈ పని చెయ్యను.

చివర చల్లటి జెల్ మాస్క్, తేలికపాటి మాయిశ్చరైజర్, పగలైతే సన్‌స్క్రీన్. అంతే. "ఇంతేనా?" అంటారు చాలామంది. ఇంతే.

"డబ్బులిచ్చాను కదా, ఆ పెద్దది కూడా నొక్కీ అక్కా. ఏటవుతాది?"

ఏమవుతుందో చూశాను కాబట్టే నొక్కను. పార్లర్ పెట్టిన రెండో ఏడు. డిగ్రీ చదివే అమ్మాయి, మర్నాడు పెళ్లిచూపులు. గడ్డం పక్కన శనగగింజంత ఎర్రటి మొటిమ. వాళ్లమ్మ పక్కనే నిలబడి "తీసీవే తల్లీ" అని ఒకటే పోరు. కాదనలేక నొక్కాను. చీము కొంచెం వచ్చింది, రక్తం ఎక్కువ వచ్చింది. సాయంత్రానికి గడ్డం నిమ్మకాయలా వాచింది. వాపు నాలుగు రోజుల్లో తగ్గింది కానీ మచ్చ ఎనిమిది నెలలుంది. ఆ ఎనిమిది నెలలూ వాళ్లమ్మ బజార్లో ఎదురైతే నేను రోడ్డు దాటి అటువైపు వెళ్లిపోయేదాన్ని.

మనలాంటి చామనఛాయ, నలుపు చర్మాల్లో వాపు తగ్గిన చోటల్లా నల్ల మచ్చ నిలుస్తుంది. మొటిమ వారం ఉంటే మచ్చ నెలలుంటుంది. నొక్కితే ఆ నెలలు పెరుగుతాయి, ఒక్కోసారి గుంట పడుతుంది. నల్ల మచ్చ ఆలస్యంగానైనా పోతుంది, గుంట దానంతటది పోదు. అర్జెంటుగా తగ్గాల్సిన పెద్ద మొటిమైతే చర్మం డాక్టర్ అందులోకి చిన్న ఇంజెక్షన్ ఇస్తారు, ఒకటి రెండు రోజుల్లో అణుగుతుంది. ఆ పని పార్లర్‌లో కాదు.

గోల్డ్ ఫేషియల్, డైమండ్ ఫేషియల్, ఫ్రూట్ ఫేషియల్: నా ముఖానికి ఏది మంచిది?

ఏదీ కాదు. పెట్టె మీద పేరు ఏదైనా లోపల చాలావరకు జిడ్డు క్రీమూ సెంటూ ఉంటాయి. మొటిమల ముఖానికి పడనివి ఆ రెండే.

నాది సెన్సిటివ్ స్కిన్ అని ఎలా తెలుస్తుంది?

కొత్త క్రీమ్ ఏది రాసినా మంట, ఎండలోకి వెళ్తే చిటపట, ముఖం కడుక్కోగానే బిగదీసినట్టు ఉండటం, ఇవన్నీ చిన్నప్పటి నుంచీ ఉంటే మీది పుట్టుకతో సున్నితమైన చర్మం కావచ్చు. కానీ నా దగ్గరికి "సెన్సిటివ్" అని వచ్చేవాళ్లలో సగం మందిది మొన్నటిదాకా బాగున్న చర్మమే. రోజుకి ఐదుసార్లు ఫేస్‌వాష్, మూడు రకాల సీరమ్, వారం వారం స్క్రబ్. పైపొర అరిగిపోయి నీళ్లు తగిలినా మండుతుంటుంది. వాళ్లకి నేను చెప్పే ఫేషియల్ ఒక్కటే. నెల రోజులు అన్నీ మానేసి, మెత్తటి క్లెన్సర్, వాసన లేని మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్ మాత్రమే వాడండి. దీనికి నాకు డబ్బులేం రావు, అందుకే ఎవరూ నమ్మరు.

అలర్జీ వేరు. ఒక వస్తువు తగిలిన చోటే దురద, దద్దు, నీటి పొక్కులు వస్తే దాన్ని అనుమానించాలి. తల రంగు వేసుకున్న మర్నాడు నుదురూ కనురెప్పలూ ఉబ్బితే తప్పు ఫేషియల్‌ది కాదు, రంగుది. పలాస వైపు నుంచి జీడిపిక్కల పని చేసే ఆడవాళ్లు వస్తుంటారు. ఆ తొక్కలో ఉండే నూనె వేళ్లని కాల్చేస్తుంది, అదే చేత్తో చెమట తుడుచుకుంటే ముఖం మీద కూడా నల్లటి చారలు పడతాయి. అవి మంగు మచ్చలనుకుని బ్లీచ్ అడుగుతారు. రథసప్తమికి అరసవల్లి వెళ్లొచ్చాక భుజాల మీద, నుదుటి మీద మంటతో వచ్చేవాళ్లూ ఉన్నారు. జిల్లేడు పాలు పడితే అలాగే ఉంటుంది. ఇలాంటివేమైనా ఉంటే పూర్తిగా మానేదాకా ముఖం మీద చెయ్యి వెయ్యను.

మొదటిసారి వచ్చేవాళ్లకి నేను వాడబోయే ప్రతిదీ చెవి వెనక కొంచెం రాసి పంపిస్తాను. రెండు రోజులు చూడండి. ఏమీ లేకపోతేనే ఫేషియల్. దీనికోసం రెండుసార్లు రావాల్సి వస్తుందని విసుక్కుంటారు. విసుక్కోండి, పర్వాలేదు.

ఒక క్రీమ్ రాస్తే తెల్లగా, నున్నగా ఉంటోంది. మానేస్తే ముఖం నిండా మొటిమలు. ఏం చెయ్యాలి?

మిగతావి వదిలేసినా దీన్ని మాత్రం పూర్తిగా చదవండి. ఆ ట్యూబు తీసి సన్న అక్షరాలు చూడండి. బీటామెథాసోన్, క్లోబెటాసాల్, మొమెటాసోన్, ఇలా "సోన్", "సాల్" అని తోక ఉన్న పేరు కనిపిస్తే అది దాదాపుగా స్టెరాయిడే. ఎగ్జిమాకనో దురదకనో డాక్టర్ కొన్నాళ్లకి రాసిస్తే, ఇంట్లో అందరూ ఫెయిర్‌నెస్ క్రీమ్‌లా వాడేస్తారు. మొమెటాసోన్, హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ మూడూ కలిపిన ట్యూబు ఒకటుంది. మంగు మచ్చలకి ఒకరికి రాసింది వదినకీ తోటికోడలికీ చేరి, చివరికి ఇంటర్ చదివే పిల్ల బ్యాగులో తేలుతుంది.

మొదటి నెల అద్భుతంగా ఉంటుంది. తర్వాత చర్మం పల్చబడుతుంది. చెంపల మీద సన్నటి ఎర్ర నరాలు తేలతాయి, నూగు పెరుగుతుంది, ఒకే సైజు మొటిమలు గుంపుగా వస్తాయి. స్టవ్ ముందు నిలబడితే ముఖం భగ్గుమంటుంది. మానేస్తే రెండు మూడు రోజుల్లో అన్నీ రెట్టింపవుతాయి, భయపడి మళ్లీ రాస్తారు. ఈ క్రీమ్‌లని చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. అయినా "ఆ తెల్లబడే ట్యూబు" అని అడిగితే ఇచ్చే షాపులున్నాయి.

ఇలాంటి ముఖానికి ఫేషియల్, బ్లీచ్, వ్యాక్సింగ్ ఏదీ పనికిరాదు. మీ అంతట మీరు ఒక్కసారిగా మానేసి అవస్థ పడకుండా చర్మం డాక్టర్‌ని కలవండి. ఎలా తగ్గించుకుంటూ రావాలో, మధ్యలో ఏం రాయాలో ఆయన చెప్తారు. నెలలు పడుతుంది, మునుపటి ముఖం చాలావరకు తిరిగొస్తుంది.

డాక్టర్ రాసిన మందులు వాడుతున్నాను. ఫేషియల్ చేయించుకోవచ్చా?

అడాపలీన్, ట్రెటినాయిన్ లాంటి జెల్‌లు రాత్రిపూట రాస్తుంటే ఫేషియల్‌కి వారం ముందు ఆపమంటాను, డాక్టర్‌కి చెప్పే ఆపండి. పైపొర పల్చగా ఉంటుంది కాబట్టి పై పెదవి వ్యాక్సింగ్ చేస్తే తోలు లేచి వస్తుంది. ఊరికే అనడం లేదు, నిజంగానే లేస్తుంది. బెంజాయిల్ పెరాక్సైడ్ వాడేవాళ్లు ముందే చెప్పండి, అది తగిలితే టవల్‌లూ దిండు గలీబులూ తెల్లగా వెలిసిపోతాయి.

ఐసోట్రెటినాయిన్ మాత్రలు మింగుతుంటే నేను బ్లాక్ హెడ్స్ తియ్యను, వ్యాక్సింగ్ చెయ్యను. కోర్సు అయ్యాక కూడా ఆరు నెలలు ఆగుతాను. మరొక్క మాట. ఆ మాత్రలు వాడుతుండగా, ఆపాక నెల దాకా గర్భం రాకూడదు. బిడ్డకి తీవ్రమైన అవకరాలు రావచ్చు. పెళ్లి కుదిరిన అమ్మాయి అయితే ఈ విషయం సిగ్గుపడకుండా డాక్టర్ దగ్గర మాట్లాడాలి.

పెళ్లికి ఎన్ని రోజుల ముందు ఫేషియల్ చేయించుకోవాలి?

మొటిమలొచ్చే ముఖమైతే 7 నుంచి 10 రోజుల ముందు. అదీ ఇంతకుముందు ఒకసారైనా చేయించుకున్న ఫేషియలే. జీవితంలో మొదటి ఫేషియల్ పెళ్లి ముందురోజు చేయించుకునే ధైర్యం నాకు లేదు, మీకూ వద్దు. అసలు మొటిమలున్న పెళ్లికూతురు నాలుగు నెలల ముందు రావాలి, నా దగ్గరికి కాదు, డాక్టర్ దగ్గరికి.

నలుగు సంగతి కూడా అమ్మలతో ముందే మాట్లాడుకోండి. పెద్దమ్మలూ పిన్నులూ ప్రేమతో సున్నిపిండి పట్టించి ముఖం మీదే రుద్దుతారు. చీము మొటిమ మీద ఆ రాపిడి పడితే ఫొటోల నాటికి మూడు మొటిమలు ఆరవుతాయి. "చేతులకీ కాళ్లకీ పెట్టండి, ముఖానికి బొట్టంత చాలు" అని ఎవరో ఒకరు గట్టిగా చెప్పాలి. మా ఇంట్లో ఆ పని నేనే చేస్తాను, తిట్లూ నేనే తింటాను.

ఫేషియల్ తర్వాత ముఖం ఎర్రబడింది. కొత్త మొటిమలు కూడా వచ్చాయి. మామూలేనా?

నొక్కిన చోట ఎరుపు కొన్ని గంటలు, మహా అయితే మర్నాటి వరకు ఉంటుంది. ఒకటి రెండు చిన్నవి పైకి రావచ్చు. ముఖమంతా మంట, దురద, వాపు, నీరు కారే పొక్కులు ఉంటే మామూలు కాదు. చల్లటి నీళ్లతో కడుక్కుని వెంటనే నాకు ఫోన్ చేయండి, డాక్టర్‌కి చూపించుకోండి. "లోపలి చెడంతా బయటికొస్తోంది, మంచిదే" అని ఏ పార్లర్‌లో చెప్పినా నమ్మకండి.

ఇంటికెళ్లాక ఏం జాగ్రత్తలు?

ఇంటికెళ్లాక కాదు, దారిలోనే మొదలవ్వాలి. శుభ్రం చేసిన ముఖానికి బండి ఎక్కేముందు చున్నీ చుట్టేస్తారు. ఆ చున్నీ పొద్దున నుంచి ఏడు రోడ్ల జంక్షన్ దుమ్మూ, చెమటా తాగి ఉంటుంది. ఉతికిన నూలు చున్నీ ఒకటి బ్యాగులో వేసుకుని రండి. పల్చటి చున్నీ ఎండనీ పూర్తిగా ఆపదు కాబట్టి కింద సన్‌స్క్రీన్ ఉండాల్సిందే. ఎస్‌పీఎఫ్ 30 చాలు. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా గీసినంత తీసుకోవాలి. మీరు రాసే బఠాణీ గింజంత దానితో ఏమీ కాదు. వీలైతే సాయంత్రం అపాయింట్‌మెంట్ తీసుకోండి.

ఒక రోజు మేకప్, జిమ్, వేడినీళ్ల తలస్నానం వద్దు. మొటిమల జెల్ మూడు రోజుల తర్వాత మొదలుపెట్టండి.

నుదుటి మీద చిన్న చిన్న పొక్కులు, ఒకటే దురద. ఇవీ మొటిమలేనా?

అన్నీ ఒకే సైజులో ఉండి దురద పెడుతుంటే ఫంగస్ వల్ల వచ్చినవి కావచ్చు. మన తీరం ఉక్కకి, తలకి పట్టించి వదిలేసిన కొబ్బరినూనెకి అది పండగ చేసుకుంటుంది. వాటికి మొటిమల మందు పనిచెయ్యదు. నూనె నుదుటి మీదికి కారకుండా చూసుకోండి, రాత్రి పెట్టుకుని పొద్దున తలస్నానం చేసే అలవాటైతే గంట ముందు పెట్టుకోవడానికి మారండి. తగ్గకపోతే డాక్టర్.

శనగపిండి, నిమ్మరసం, టూత్‌పేస్ట్ రాసుకోవచ్చా?

శనగపిండి రుద్దకుండా కడుక్కుంటే ఫర్వాలేదు. నిమ్మరసం పులుసులో వేసుకోండి. మన చర్మానికుండే పులుపుకన్నా అది ఎన్నో వందల రెట్లు పులుపు, రాసుకుని ఎండలోకి వెళ్తే కాలిన మచ్చలు పడతాయి. టూత్‌పేస్ట్ పళ్లకి.

మా పాపకి 13 ఏళ్లు, ఫేషియల్ చేస్తారా? గర్భిణులకి చేస్తారా?

పాపకి ఫేషియల్ వద్దు, రోజుకి రెండుసార్లు ముఖం కడుక్కోవడం నేర్పండి, మొటిమలు ఎక్కువుంటే డాక్టర్‌కి చూపించండి. గర్భిణులకి పీల్స్ (మందు రాసి పైపొర ఒలిచే పద్ధతి) లేకుండా శుభ్రం చెయ్యడం వరకు చేస్తాను.

సామాన్లు శుభ్రంగా ఉన్నాయని ఎలా నమ్మాలి?

అడగండి. ఏ పార్లర్‌లోనైనా అడగండి, కోపం తెచ్చుకుంటే లేచి వచ్చేయండి. బ్లాక్ హెడ్స్ తీసే స్టీలు పుల్లని స్పిరిట్‌లో ముంచి తుడిస్తే సరిపోదు. రక్తం తగిలిన పుల్లతో హెపటైటిస్ బి కూడా ఒకరి నుంచి ఒకరికి పాకగలదు. పులిపిర్లు కూడా అంతే. నా దగ్గర చిన్న ఆటోక్లేవ్ ఉంది. ప్రెజర్ కుక్కర్‌లాంటిదే, 121 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. సామాన్లు సబ్బుతో కడిగి అందులో పెట్టి, మీ ముందే కవరు చింపుతాను. సూది నేను ముట్టను. క్రీమ్ డబ్బాలో వేలు పెట్టను, ప్లాస్టిక్ చెంచాతో తీస్తాను. మైక్రోనీడ్లింగ్ (సన్న సూదులతో చర్మాన్ని గుచ్చడం), గాఢమైన పీల్స్, తెల్లబడే ఇంజెక్షన్లు అడగకండి. వాటికి నా చదువు చాలదు.

ఎప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి?

గుంటలు పడుతుంటే, గట్టి గడ్డలుంటే, మూడు నెలలైనా తగ్గకపోతే. నెలసరి రెండు మూడు నెలలకోసారి వస్తూ, గడ్డం దగ్గర మొటిమలతోపాటు దళసరి వెంట్రుకలుంటే హార్మోన్ల తేడా ఉండొచ్చు, లేడీ డాక్టర్‌ని కూడా కలవాలి. డబ్బుకి ఇబ్బందైతే ప్రభుత్వ పెద్దాసుపత్రి (రిమ్స్) ఓపీలో చర్మవ్యాధుల విభాగం ఉంది. పొద్దున్నే వెళ్లండి. బోర్డు మీద స్కిన్ క్లినిక్ అని ఉన్నంత మాత్రాన లోపలున్నది డాక్టర్ కాకపోవచ్చు, ఎండీ డీవీఎల్ లాంటి చర్మవ్యాధుల పై చదువు ఉందో లేదో చూసుకోండి.

వచ్చేటప్పుడు ఏం తీసుకురావాలి?

ముఖానికి రాసేవన్నీ ఒక కవర్లో వేసుకుని తెండి. సబ్బు, సీరమ్, డాక్టర్ చీటీ, వదిన ఇచ్చిన ట్యూబు, అన్నీ. పేర్లు నోటితో చెప్తే "ఎర్ర మూతది, తెల్లది" అంటారు, నాకు అర్థం కాదు. పేరు చెరిగిపోయి, చివర చుట్టచుట్టి పిండేసిన ట్యూబైతే దాన్ని తప్పకుండా తెండి. ఎక్కువగా తేడా చేసేది అదే.